ఎడిటర్ మార్చాను, బుద్ధి మారలేదు

పనిముట్టు మారిస్తే పని దానంతటదే బాగుపడుతుందని నమ్మేవాళ్ల జాబితా రాస్తే నా పేరు పైనే ఉంటుంది. అనకాపల్లిలో మేడమీద గదిలో కూర్చుని చిన్న వ్యాపారాలకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసి బతుకుతున్నవాణ్ని. బెల్లం కమిషన్ కొట్లు, ఎరువుల షాపులు, ఒకటీ అరా రైస్ మిల్లులు, ఇవీ నా ఖాతాలు. నేను కోడ్ దేంట్లో రాస్తానో వాళ్లలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. సాయంత్రానికి లెక్క తేలితే చాలు. అలాంటిది, మార్కెట్లో బెల్లం దిమ్మలు తెల్లవారకముందే దిగుతున్న సీజన్లో, ఎవరూ అడక్కుండా, ఏ అవసరమూ లేకుండా నేను కోడ్ ఎడిటర్ మార్చుకున్నాను. ఎందుకంటే చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ లేదు. చెప్పుకోకూడనివి మాత్రం బోలెడున్నాయి.

కోడ్ ఎడిటర్ అంటే ప్రోగ్రాం రాసేవాడు రోజంతా రాసుకునే చోటు. చూడ్డానికి నోట్‌ప్యాడ్ లాంటిదే. కాకపోతే ఏ మాట కమాండో, ఏ మాట పేరో రంగులు వేసి చూపిస్తుంది, బ్రాకెట్ మూయడం మరిచిపోతే గుర్తుచేస్తుంది, వెయ్యి ఫైళ్లలో ఒక మాటను వెతికిపెడుతుంది. నేను మారిన ఆ కొత్త ఎడిటర్ పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు తప్పు దానిమీద వేస్తారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మాకు చిన్నప్పుడే చెప్పారు. ఈ వ్యవహారంలో మద్దెల శుభ్రంగానే ఉంది.

నా వేళ్లు ముందు ఏ బడిలో చదివాయో చెబితే తప్ప మిగతాది అర్థం కాదు. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో మాకు దొరికింది టర్బో సి. బోర్లాండ్ కంపెనీ దాన్ని 1987లో తెచ్చింది. మేం చేరేనాటికి బయటి ప్రపంచం దాన్ని వదిలేసి చాలా కాలమైంది, మన ల్యాబుల్లో మాత్రం సిలబస్ కదిలేదాకా అదీ కదల్లేదు. విండోస్ కొత్త వెర్షన్లలో అది నడవనని మొండికేస్తే, పాత డాస్ ప్రోగ్రాములు నడిపించే డాస్‌బాక్స్ పెట్టి మరీ నడిపించారు. నీలం తెర, పసుపు అక్షరాలు. మౌస్ ముట్టుకున్నవాడిని జాలిగా చూసేవాళ్లం. ఎఫ్2 కొడితే సేవ్, ఆల్ట్ ఎఫ్9 కొడితే కంపైల్, కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్, ఫలితం కనపడకుండా మాయమైతే ఆల్ట్ ఎఫ్5. ఆ తర్వాత 2003లో పుట్టిన నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ కొన్నేళ్లు వాడాను. 2015లో మైక్రోసాఫ్ట్ వీఎస్ కోడ్‌ను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక అందరితో పాటు నేనూ అందులోకి చేరాను. ఏళ్ల తరబడి అందులోనే అన్నం దొరికింది.

సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. విశాఖలో బీటెక్ చదువుతున్నాడు. నా వెనక నిలబడి తెర చూసి, "ఏటి మావయ్యా, ఇంకా ఇదే వాడతన్నావా? మావాళ్లందరూ మారిపోనారు" అన్నాడు. పిల్లవాడు మామూలుగానే అడిగాడు. అవమానం నేనే వెతుక్కుని తీసుకున్నాను. వాడు అరిసెలు తిని వెళ్లిపోయాడు. ఆ రాత్రే నేను కొత్త ఎడిటర్ డౌన్‌లోడ్ చేశాను.

మొదట నన్ను పడగొట్టింది వేగం. నొక్కగానే తెరుచుకుంది. నమ్మకం కుదరక ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన తెరిచి మూసి, మూసి తెరిచి కొలవడం మొదలుపెట్టాను. మా ఆవిడ కాఫీ తెచ్చి కాసేపు చూసింది.

"ఏవండీ, పాడైందా?"

"లేదు, బ్రహ్మాండంగా ఉంది."

"మరి మాటిమాటికీ మూస్తారెందుకు?"

నా దగ్గర జవాబు లేదు. పొద్దున తెరిస్తే రాత్రి పడుకునేదాకా మూయని వస్తువది. రోజుకు రెండు సెకన్లు మిగులుతాయని తేల్చుకోవడానికి ఒక మధ్యాహ్నం మొత్తం ఖర్చుపెట్టాను.

అంతటితో ఆగలేదు. అది ఎందుకంత వేగమో కూడా కూర్చుని చదివాను. 2014లో గిట్‌హబ్ కంపెనీ ఆటమ్ అనే ఎడిటర్ విడుదల చేసింది. దాని అడుగున వేసిన పునాదికే తర్వాత ఎలక్ట్రాన్ అని పేరు వచ్చింది. వెబ్‌పేజీలు చూపించే క్రోమ్ బ్రౌజర్ ఇంజిన్‌నే లోపల దాచుకుని, పైకి మామూలు ప్రోగ్రాంలా కనిపించడం దాని కిటుకు. వీఎస్ కోడ్ కూడా ఆ పునాది మీదే కట్టింది. అందుకే అది ఏ కంప్యూటర్ మీదైనా నడుస్తుంది, అందుకే మెమరీ కూడా గట్టిగానే తింటుంది. 2018లో మైక్రోసాఫ్ట్ గిట్‌హబ్‌ను కొనుక్కుంది. ఒకే ఇంట్లో రెండు ఎడిటర్లు ఎందుకనుకున్నారో ఏమో, 2022 డిసెంబర్ 15న ఆటమ్‌ను మూసేశారు. ఆటమ్ చేసినవాళ్లలో ఒకరైన నేథన్ సోబో మరికొందరితో కలిసి, బ్రౌజర్ పునాదే వద్దనుకుని, రస్ట్ భాషలో జెడ్ అనే ఎడిటర్‌ను మొదటినుంచి రాశారు. వీడియో గేమ్ బొమ్మలు గీసినట్టు అది అక్షరాలను నేరుగా గ్రాఫిక్స్ చిప్ చేత గీయిస్తుంది. 2024 జనవరిలో దాని కోడ్ అందరికీ తెరిచారు. ఈ కోవలో హీలిక్స్ వంటివీ ఉన్నాయి. నా కొత్త ఎడిటరూ ఈ తరానిదే. ఇదంతా ఇంత వివరంగా ఎలా తెలుసంటే, నా ఖాతాల్లో ఒకటైన బెల్లం కొట్టు షావుకారు గారు తరుగు లెక్కలో ఒక చిన్న మార్పు చేసిపెట్టమని అడిగి ఉన్నారు. ఆ పని పక్కన పెట్టి ఇది చదివాను.

తర్వాత రంగులు. నలుపు మీద ఊదా బాగుంటుందా, ముదురు ఆకుపచ్చ మీద గంధం రంగు బాగుంటుందా అన్నది తేల్చుకోవడానికి ఇంకో సాయంత్రం. ఆ తర్వాత ఫాంటు. ఫీరా కోడ్, జెట్‌బ్రెయిన్స్ మోనో వంటి ఫాంట్లలో ఒక సొగసు ఉంది. ఆశ్చర్యార్థకం పక్కన సమానం గుర్తు కొడితే రెండూ కలిసిపోయి, గీత కొట్టిన సమానం గుర్తులా ఒకే ముక్కగా కనిపిస్తాయి. అది చూసి మురిసిపోయాను. రెండు గుర్తులు కలిసి కొత్త రూపం ఎత్తడం వత్తులూ గుణింతాలూ రాసుకునే జాతికి పుట్టుకతో వచ్చిందేనన్న ఆలోచన ఆ క్షణాన రాలేదు. పైగా ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలే లేవు. మనం తెలుగు కొట్టిన చోట విండోస్ తన దగ్గరున్న నిర్మలనో గౌతమినో తెచ్చి నింపుతుంది. ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒకే వెడల్పులో పెరేడ్ చేస్తుంటే, మధ్యలో మన అక్షరాలు తమ తమ వెడల్పులతో నడుస్తుంటాయి. ఈ సంగతి నా నెత్తిమీదికే వస్తుందని అప్పుడు తెలియదు.

తరుగు లెక్క మార్పు ఎట్టకేలకు మొదలుపెట్టాను. పాత ఫైలు తెరిచి ఒక్క లైను దిద్ది సేవ్ కొట్టాను. విశాఖలో ఉండి నాతో కలిసి పనిచేసే మిత్రుడికి పంపుతూ పక్కన "చిన్న మార్పు" అని రాశాను. మార్పుల లెక్క చూసే గిట్ అనే సాధనం ఫైలు దాదాపు మొత్తం మారిందని అతనికి చూపించింది. అతను ఫోన్ చేసి, "గురూ, ఇది చిన్నదైతే పెద్దది ఎలా ఉంటాదో?" అన్నాడు. జరిగిందేమిటంటే, సేవ్ చేసినప్పుడల్లా ఫైలంతా ఒక పద్ధతిలో సర్దిపెట్టే ఏర్పాటు నా కొత్త ఎడిటర్లో ముందే పెట్టి ఉంది. ఏళ్ల తరబడి నేను ఒక చోట ట్యాబులు, ఒక చోట ఖాళీలు, ఒక చోట ఒంటి కొటేషన్లు, ఇంకో చోట జంట కొటేషన్లు వాడుతూ వచ్చాను. అది అన్నిటినీ మర్యాదగా ఒక వరసలో నిలబెట్టింది. సెట్టింగుల పేజీలో మొదట్లోనే రాసి ఉంది. రంగుల కోసం ఆ పేజీ మీద సాయంత్రమంతా గడిపినవాణ్ని ఆ లైను మాత్రం చదవలేదు.

ఇక్కడైనా బుద్ధి రావాలి. నేను విమ్ మోడ్ ఆన్ చేశాను.

విమ్ అనే పాత ఎడిటర్ మీటల పద్ధతిని కొత్త ఎడిటర్లోకి తెచ్చేదే ఈ మోడ్. విమ్ పుట్టుపూర్వోత్తరాలు తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. 1976లో అమెరికాలో బర్క్లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ అనే విద్యార్థి వీఐ అనే ఎడిటర్ రాశాడు. అతని ముందున్న ఏడీఎం-3ఏ టెర్మినల్లో బాణం గుర్తులకు వేరే మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణాలు అచ్చువేసి ఉండేవి. అందుకని ఎడమ, కింద, పైన, కుడి అనే కదలికలు ఆ నాలుగు మీటలకు దక్కాయి. ఆ వీఐని మెరుగుపరిచి నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మోలెనార్ 1991లో విమ్ విడుదల చేశాడు. డబ్బు అడగకుండా, ఇవ్వాలనిపిస్తే ఉగాండాలో అనాథ పిల్లలకు ఇవ్వమన్నాడు. 2023 ఆగస్టులో కన్నుమూసేదాకా దాన్ని కాపాడుతూనే ఉన్నాడు. ఇందులో ముఖ్యంగా రెండు అవస్థలు, అంటే మోడ్‌లు, ఉంటాయి. ఒక అవస్థలో మీటలు అక్షరాలు రాస్తాయి, ఇంకో అవస్థలో అవే మీటలు ఆజ్ఞలవుతాయి. ఏ అవస్థలో ఉన్నామో మనమే గుర్తుంచుకోవాలి. విమ్ లోంచి బయటికి రావడం ఎలా అన్న ఒక్క ప్రశ్నను పది లక్షలమందికి పైగా చూశారని స్టాక్ ఓవర్‌ఫ్లో 2017లో ప్రకటించింది. కట్, కాపీ, పేస్ట్ మనకిచ్చినవాళ్లలో ఒకరైన ల్యారీ టెస్లర్‌కు ఈ అవస్థల పద్ధతి ఎంత గిట్టదంటే, మోడ్‌లు వద్దని కారు నంబరు ప్లేటు మీదే రాయించుకున్నాడు. ఆయన మాట నేను వినలేదు. ఒక వీడియోలో ఓ కుర్రాడు మౌస్ ముట్టకుండా కోడ్‌ను చకచకా కదిలిస్తుంటే చూసి, టర్బో సి ల్యాబులో మౌస్ ముట్టని నా యవ్వనం తిరిగొస్తుందనుకున్నాను.

సరుకు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో "బెల్లం" అని కొట్టాను. తెరమీద "ఎం" అనే అక్షరం ఒక్కటే మిగిలింది. నేనున్నది ఆజ్ఞల అవస్థ. బి అంటే ఒక మాట వెనక్కి వెళ్లమని, ఇ అంటే మాట చివరికి వెళ్లమని, రెండు ఎల్‌లంటే రెండడుగులు కుడికి జరగమని, ఎ అంటే ఇక్కణ్నుంచి రాయడం మొదలుపెట్టమని. అది చెప్పినట్టల్లా విని, చివరికి మిగిలిన ఎం రాసిపెట్టింది. ఇంకోసారి అదే అవస్థలో ఊరి పేరు కొట్టాను. మొదటి ఎ ఆజ్ఞ కింద పోయి అనకాపల్లి కాస్తా నకపల్లి అయింది. నక్కపల్లి మా జిల్లాలోనే ఉంది కనుక చూపు దాన్ని దాటిపోయింది. తప్పని పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

తెలుగు కీబోర్డుకు మారితే ఇంకో చిక్కు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో హెచ్ మీట కొడితే ప, జె కొడితే ర, కె కొడితే క, ఎల్ కొడితే త వస్తాయి. రైతు పేరు రాసి, ఎస్కేప్ కొట్టి, కిందికి దిగుదామని జె కొడితే ఎడిటర్‌కు ర అందుతుంది. ర అనే ఆజ్ఞ ఏదీ దానికి తెలియదు. ఊరుకుంటుంది. నేను ఇంకా గట్టిగా కొట్టేవాణ్ని. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమాక్స్‌లో ఈ బాధకు మందుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ దాని లోపలే ఉంటుంది, కంట్రోల్ బ్యాక్‌స్లాష్ కొడితే రాతకు తెలుగు వస్తుంది, ఆజ్ఞలు ఇంగ్లీషులోనే ఉండిపోతాయి. పాతదని నేను చిన్నచూపు చూసిన ఎడిటర్ మన లిపికి చేసినపాటి ఏర్పాటు, కొత్తదన్న మోజులో నేను వెతుక్కోనేలేదు.

ఇక అసలు సంగతి. షావుకారు గారి కొట్టులో బిల్లు మీద వరసగా రైతు పేరు, ఊరు, దిమ్మలు, బరువు, ధర, మొత్తం ఉంటాయి. మొదట్లో బద్ధకించి, ఒక గడికీ ఇంకో గడికీ మధ్య ఖాళీలు కొట్టి జరిపే పద్ధతి పెట్టాను. ప్రింటర్ కాయితం మీద చూసుకుంటూ దిద్ది దిద్ది ఎలాగో కుదిర్చాను. అది నడుస్తోంది. కొత్త ఎడిటర్లో ఆ నమూనా తెరిచేసరికి వరసలు వంకరగా కనిపించాయి. ఇన్నాళ్లూ ఇంత వంకర బిల్లులిచ్చానా అని సిగ్గుపడి, తెరమీద తిన్నగా కనిపించేదాకా ఖాళీలు కలిపీ తీసీ సరిచేశాను. కాయితం మీద ఒక్క బిల్లయినా తీసి చూడలేదు. అంత అందంగా కనిపిస్తుంటే చూడ్డమెందుకు?

మర్నాడు పొద్దున్నే, మార్కెట్లో కొలగార్లు తూకాలు వేస్తున్న వేళకు ఫోన్ వచ్చింది.

"బాబూ, మునగపాక రైతు బరువు ధరలోకి ఎలిపోనాది. ధరేమో మొత్తంలోకొచ్చి కూకుంది. చోడవరమాయన కాయితం అటూ ఇటూ తిప్పి చూస్తన్నాడు. ఏటిది?"

"షావుకారు గారూ, లెక్క సరిగానే ఉందండీ. చోటే కొంచెం మారింది."

"లెక్క నీకు కనబడతాది. రైతుకు కాయితవే కదా కనబడేది."

ఆ మాటకు బదులు చెప్పలేకపోయాను. గుమస్తాగారు అటక మీంచి పాత బిల్లు పుస్తకాలు దింపి, కార్బన్ కాయితం పెట్టి, ఆ పూటంతా చేత్తో రాశారు. ఆయన చేతిరాతలో ఒక్క అంకె కూడా పక్క గడిలోకి పోలేదు.

ఎక్కడ పొరపాటు పడ్డానో తర్వాత కూర్చుని విప్పుకున్నాను. అనకాపల్లి అన్న మాట మన కంటికి అయిదు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో తొమ్మిది గుర్తులు, ఎందుకంటే కా లోని దీర్ఘం, ల్లి లోని వత్తుకు కావలసిన పొల్లు, రెండో ల, గుడి, అన్నీ విడివిడిగా ఉంటాయి. ఒక్కో తెలుగు గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడుతుంది కనుక కంప్యూటర్ దాచుకునేది 27 బైట్లు. స్త్రీ అన్న ఒక్క అక్షరం ఆరు గుర్తులు, 18 బైట్లు. తెరమీద వెడల్పు ఈ మూడు లెక్కల్లో దేనికీ లొంగదు, అది ఫాంటును బట్టి ఉంటుంది. ఎడిటర్ కింద చూపించే కాలమ్ నంబరు ఒక్కో ఎడిటర్లో ఒక్కో లెక్క. విమ్ అయితే బైట్లు ఒక పక్క, తెరమీది స్థానం ఇంకో పక్క, రెండూ చూపిస్తుంది. పాత ఎడిటర్లో ఒక ఫాంటు, కొత్తదాంట్లో ఒక ఫాంటు, ప్రింటర్‌కు వెళ్లేటప్పుడు మూడోది. ఒకదాంట్లో తిన్నగా ఉన్నది ఇంకోదాంట్లో తిన్నగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. తెలుగు రాసే ప్రోగ్రామర్‌నని చెప్పుకుంటూ ఇన్నేళ్లూ ఖాళీలతో నెట్టుకొచ్చానంటే తప్పు మొదటిరోజే జరిగింది. కొత్త ఎడిటర్ దాన్ని బయటపెట్టింది, అంతే. పెనం మార్చినంత మాత్రాన చెరకు తీపి మారదని మా ఊళ్లో బెల్లం వండేవాళ్లెవరిని అడిగినా చెప్పి ఉండేవారు.

తెలుగు అక్షరాలతో పెద్దపెద్దవాళ్లకే చిక్కులొచ్చాయి. 2018 ఫిబ్రవరిలో జకు ఞ వత్తు చేరిన ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. ఈ వార్త చదివి అప్పట్లో నేను నవ్వుకున్నాను. నా బిల్లు చూసి ఎవరూ నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

కొత్త ఎడిటర్‌కు న్యాయం కూడా చేయాలి. అది మంచిదే. పెద్ద ఫైలు తెరిచినా తడబడదు. ఒకే మార్పును పది చోట్ల ఒకేసారి చేయడం అందులో హాయిగా ఉంటుంది. పాత లాప్‌టాప్ ఫ్యాను మునుపటిలా రొద చేయడం లేదు. రాస్తుంటే తర్వాతి మాటను ఊహించి లేత రంగులో చూపించే కృత్రిమ మేధ కూడా ఉంది. ట్యాబ్ కొడితే ఆ ఊహ మన కోడ్‌లో చేరిపోతుంది. లైను లోపలికి జరుపుదామని పాత అలవాటు కొద్దీ ట్యాబ్ కొట్టి, మా మార్కెట్లో లేని కమిషన్ శాతాన్ని ఒకసారి లోపలికి రానిచ్చాను, వెంటనే కనబడి తీసేశాను. దాని ఊహ దానిది, వేలు నాది.

ఇప్పుడు అందులోనే రాస్తున్నాను. విమ్ మోడ్ తీసేశాను. సేవ్ చేయగానే సర్దే ఏర్పాటు కొత్త ఫైళ్లకే ఉంచాను. బిల్లులో ఖాళీలు పీకేసి పట్టిక గడులు పెట్టాను, పేరు ఎంత పొడుగైనా బరువు తన గడి దాటి పోదు. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర సందడి మొదలయ్యేసరికి వేళ్లు కూడా దారికొచ్చాయి. మొదటి వారంలో నేను దాని గురించి అనుకున్నవాటిలో, పొగడ్తలతో సహా, నిలిచినవి చాలా తక్కువ. ఆ వారం నేను కొలిచింది నా అలవాట్లనే.

ఎడిటర్ మార్చాలనుకునే తెలుగు ప్రోగ్రామర్లకు నా మనవి ఇది. రంగులకు ముందు సెట్టింగుల పేజీ మొత్తం చదవండి. స్త్రీ, జ్ఞానం, లక్ష్మి అన్న మూడు మాటలు రాసి, ముందుకూ వెనక్కూ జరిగి, ఒక అక్షరం చెరిపి చూడండి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా షార్ట్‌కట్లు పనిచేస్తున్నాయో లేదో చూడండి. మీ ప్రోగ్రాం దేన్ని అచ్చువేస్తుందో దాన్ని కాయితం మీద తీసి చూడండి. నచ్చితే మారండి, నచ్చకపోతే పాతదాంట్లోనే ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు. సీజన్లో మాత్రం మారకండి.